టైల్స్ కొనే ముందు తడిపి చూడండి

షోరూమ్‌లో టైల్ ఎప్పుడూ పొడిగా ఉంటుంది. స్టాండుకి ఆనించి నిలబెట్టి, పైనుంచి లైటు వేసి చూపిస్తారు. మనింట్లో అదే టైల్ నేల మీద ఉంటుంది. దాని మీద సబ్బునీళ్లు పడతాయి, వానలో తడిసిన చెప్పులతో ఎవరో గబగబా వచ్చేస్తారు, ఆరుబయట వేస్తే మధ్యాహ్నం ఎండంతా దాని మీదే. రంగు అంతగా నచ్చకపోయినా సర్దుకుపోతాం. జారుతున్నా, పైకి లేచినా, పగులుతున్నా సర్దుకుపోవడం కుదరదు. వేసినదాన్ని పగలగొట్టడం తప్ప మరో దారీ ఉండదు.

అందుకని కొట్టుకి వెళ్లే ముందే ఒక కాగితం పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. ప్రతి చోటా నాలుగు సంగతులు రాసుకోండి: ఇక్కడ నీళ్లు పడతాయా, ఒట్టి కాళ్లతో నడుస్తారా చెప్పులతోనా, ఎండ తగులుతుందా, ఎంత బరువు పడుతుంది. ఈ కాగితం చేతిలో ఉంటే వాళ్లు చూపించినవాటికి తలూపకుండా మనకి కావాల్సింది అడగగలుగుతాం. "ఇల్లంతా ఒకటే వేసేద్దాం, చూడ్డానికి బాగుంటుంది" అనే ఆలోచన కూడా అక్కడితో ఆగిపోతుంది.

ముందు వెనక్కి తిప్పండి

టైల్ ముఖం కన్నా వీపు ఎక్కువ నిజం చెబుతుంది. వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. గోడలకి వేసే మామూలు సిరామిక్ అయితే చూస్తుండగానే చుక్క ఇంకిపోయి మచ్చ మిగులుతుంది. మంచి విట్రిఫైడ్ అయితే చుక్క చుక్కలాగే నిలబడుతుంది. ప్రమాణాల ప్రకారం తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చనిదే పోర్సెలిన్. మనం విట్రిఫైడ్ అనేది కూడా ఈ కోవలోదే. గోడ టైల్స్ 10 శాతం పైన కూడా పీలుస్తాయి. నీరు పీల్చే టైల్ గుల్లగా ఉంటుంది, బరువు ఓర్చుకోదు. మంచు కురిసే చోట అయితే లోపలి నీరు గడ్డకట్టి, ఉబ్బి, టైల్‌ని చీలుస్తుంది. కాబట్టి గోడ టైల్ ఎంత చవగ్గా దొరికినా, ఎంత నచ్చినా, నేల మీదకి రానివ్వకండి. నేల టైల్‌ని గోడకి వేయొచ్చు, కానీ అది బరువు. సరైన అడ్హెసివ్ (టైల్స్ అతికించే జిగురు) లేకుండా తల ఎత్తున పెద్ద పలకలు అతికించడం ప్రమాదమే.

కొట్లో వినిపించే మిగతా పేర్ల గురించి క్లుప్తంగా. జీవీటీ అంటే విట్రిఫైడ్ పలక మీద డిజైన్ అచ్చేసి, పైన గాజులాంటి గ్లేజ్ పూత వేసింది. పీజీవీటీ అంటే దాన్నే పాలిష్ పట్టింది. డబుల్ చార్జ్‌లో పైన 3, 4 మిల్లీమీటర్ల మందాన రంగు పొర ఉంటుంది. ఫుల్ బాడీ అయితే పైనుంచి కింద దాకా ఒకే రంగు. అంచు చిట్లే అవకాశం ఉన్న చోట, అంటే మెట్ల మీద, గేటు దగ్గర, వాహనం ఎక్కే చోట, ఫుల్ బాడీ వేయించుకోండి. గ్లేజ్ ఉన్నది చిట్లితే లోపలి రంగు తెల్లగానో ఎర్రగానో బయటపడి దూరం నుంచే కనిపిస్తుంది.

గ్లేజ్ ఉన్న టైల్స్ ఎంత అరుగుదలని తట్టుకుంటాయో పీఈఐ అనే అంకె చెబుతుంది. 0 అయితే నేలకి పనికిరాదు, 5 అయితే జనం తెగ తిరిగే చోటికి. ఇంటి గదులకి 3 సరిపోతుంది. వీధి గుమ్మం లోపల మాత్రం 4 ఉన్నది చూసుకోండి. అక్కడ టైల్‌ని అరగదీసేది మన కాళ్లు కాదు, చెప్పులతో వచ్చే ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ చాలా గ్లేజ్‌ల కన్నా గట్టిది. నిగనిగలాడే నల్ల టైల్ గుమ్మంలో వేస్తే కొన్నాళ్లకే గీతలు తేలతాయి. అక్కడ మెరుపు లేని మ్యాట్ ఫినిష్ టైల్ వేయడమే మేలని నా అభిప్రాయం.

జారడం గురించి

బాక్స్ మీద "యాంటీ స్కిడ్" అని రాసి ఉంటే సరిపోదు. అంకె అడగండి. ఎక్కువగా కనిపించేది ఆర్9 నుంచి ఆర్13 వరకు ఉండే జర్మన్ కొలత. టైల్స్ పరిచిన వాలు బల్ల మీద నూనె పోసి, బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తూ, బల్లని కొద్దికొద్దిగా ఎత్తుతారు. ఏ కోణం దగ్గర మనిషి జారతాడో దాన్ని బట్టి ఆర్ సంఖ్య ఇస్తారు. ఆర్9 అంటే 6 నుంచి 10 డిగ్రీలు, ఆర్10 అంటే 19 దాకా, ఆర్11 అంటే 27 దాకా, ఆర్12 అంటే 35 దాకా, ఆ పైన ఆర్13. ఆర్9 అనగానే పదికి తొమ్మిది మార్కులనుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. నిజానికి ఈ వరసలో అన్నిటికన్నా కిందిది అదే.

ఇది బూట్ల పరీక్ష. బాత్రూమ్‌లో మనం ఒట్టి కాళ్లతో ఉంటాం. దానికి సబ్బునీళ్ల మీద చేసే వేరే పరీక్ష ఉంది, ఎ, బి, సి అని మూడు తరగతులిస్తారు. 12 డిగ్రీలు తట్టుకుంటే ఎ, 18 అయితే బి, 24 అయితే సి. స్నానం చేసే చోటికి బి తరగతి ఉన్నది అడగండి. బాత్రూమ్ మిగతా భాగానికి ఆర్10కి తగ్గకండి. వాన పడే మెట్లు, బాల్కనీ, వరండా అంచులకి ఆర్11. వాలుగా ఉండే ర్యాంపుకి ఇంకో మెట్టు పైకి వెళ్లినా తప్పులేదు. అలాగని ఇల్లంతా ఆర్12 వేసేయకండి. గరుకు పెరిగే కొద్దీ మురికి పట్టుకుంటుంది, తడిగుడ్డతో పోదు, బ్రష్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

అంకె ఎక్కడా దొరక్కపోతే శాంపిల్ ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకోండి. కదలకుండా నేల మీద పెట్టి, నీళ్లు పోసి, రెండు చుక్కల షాంపూ వేయండి. గోడనో, గట్టి కుర్చీనో పట్టుకుని ఒక కాలి మడమతో మెల్లగా ముందుకి రుద్దండి. ఆగి ఆగి కదిలితే పర్వాలేదు. నూనె రాసినట్టు సాఫీగా పోతే ఆ టైల్‌ని గోడకి వాడుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పరీక్ష వాళ్లతో చేయించకండి, మీరే చేయండి.

చాలామంది పట్టించుకోని చోటు ఇంకొకటి ఉంది: బాత్రూమ్ తలుపు బయట మొదటి రెండు అడుగులు. లోపల గరుకు టైల్ వేసి, బయట హాల్లో పాలిష్ టైల్ వేస్తారు. తడి కాలు మొదట పడేది ఆ పాలిష్ మీదే. తలుపు ముందు కనీసం ఒక మీటరు మేర మ్యాట్ ఫినిష్ వేయించండి. రంగు కలిసేదే దొరుకుతుంది.

బాత్రూమ్‌లో సైజు విషయం కూడా ఆలోచించాలి. నీళ్లు జాలీ వైపు పోవాలంటే మీటరుకి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాటం (వాలు) కావాలి, అదీ నాలుగు వైపుల నుంచి. పెద్ద పలక వంగదు. దాన్ని ఐమూలగా కోస్తే తప్ప వాటం రాదు. 300 మిల్లీమీటర్ల చదరం టైల్స్ అయితే మేస్త్రీకి పని సులువు, జాయింట్లు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు కూడా దొరుకుతుంది. పని అయ్యాక మేస్త్రీ ఉండగానే బకెట్ నీళ్లు పోసి చూడండి. ఎక్కడైనా మడుగు కడితే అప్పుడే చెప్పాలి.

ఎండలో వేసేవి

ఆరుబయట టైల్‌కి వానకన్నా ఎండతోనే ఎక్కువ ఇబ్బంది. వేడికి టైల్ సాగుతుంది. ఎంతో కాదు, పది మీటర్ల పొడవున వేసిన పోర్సెలిన్ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు. ఆ రెండు మిల్లీమీటర్లకి చోటు లేకపోతే టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని మధ్యలో పైకి లేస్తాయి. ఒక్కోసారి పెద్ద శబ్దంతో లేస్తాయి కూడా. జాయింట్ కనబడకుండా వేయమని మేస్త్రీని బతిమాలేవాళ్లకి ఇదే జరుగుతుంది. ఇంటి లోపల టైల్స్ మధ్య ఖాళీ కోసం 2, 3 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి, ఎండ తగిలే చోట 5 దాకా వెళ్లండి. బయట ప్రతి రెండున్నర, మూడున్నర మీటర్లకి ఒక జాయింటులో గ్రౌట్ (జాయింట్లు నింపే సిమెంటు ముద్ద) బదులు సాగే సీలెంట్ నింపించాలి. గోడ మొదట్లో కూడా కాస్త ఖాళీ వదలాలి. గోడ అడుగున అతికించే స్కర్టింగ్ పట్టీ దాన్ని కప్పేస్తుంది.

డాబా మీద వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: టైల్ వాటర్‌ప్రూఫింగ్ కాదు. నీళ్లు జాయింట్లలోంచి కిందకి దిగుతాయి. ముందు స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తూములు మూసి, ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూసుకున్నాకే టైల్స్ మాట. కొత్త కాంక్రీటు అయితే నెల్లాళ్లు ఆగడం మంచిది. రంగు లేతదే ఎంచుకోండి. ముదురు రంగు మీద ఎండాకాలం మధ్యాహ్నం కాలు పెట్టలేం.

వాహనం నిలిపే చోట మందం కావాలి. ఇంట్లో వాడే 8 నుంచి 10 మిల్లీమీటర్ల టైల్‌ని అక్కడ వేయకండి. ఆరుబయటకని చేసే 20 మిల్లీమీటర్ల పలకలు దొరుకుతాయి. అయితే మందం ఒక్కటే కాపాడదు. అసలు తేడా కింద ఉంటుంది.

టైల్ వేసేటప్పుడు ఒకదాన్ని ఎత్తించి చూడండి. నాలుగు మూలలా, మధ్యలో ఒక్కో సిమెంటు ముద్ద పెట్టి పైన టైల్ నొక్కే అలవాటు ఇంకా పోలేదు. ఎత్తి చూస్తే వీపు మీద అయిదు బూడిద రంగు మచ్చలుంటాయి, మిగతాదంతా పొడిగా, కొత్తగా ఉంటుంది. ఆ పొడి భాగమంతా డొల్లే. దాని మీద టైరు ఎక్కినా, బరువైన వస్తువు పడినా పగిలేది అక్కడే, నీళ్లు చేరేదీ అక్కడే. పళ్ల కరణితో అడ్హెసివ్‌ని గీతలుగా పరిచి, టైల్ నొక్కి, కాస్త అటూ ఇటూ జరిపితే వీపంతా అంటుకుంటుంది. లోపలి పొడి గదుల్లో కనీసం 80 శాతం, తడి చోట్లా ఆరుబయటా 95 శాతం అంటాలని ప్రమాణాలు చెబుతాయి. విట్రిఫైడ్ నీరు పీల్చదు కాబట్టి ఒట్టి సిమెంటు పాలు దాన్ని పట్టుకోవు. పాలిమర్ కలిసిన అడ్హెసివ్, బస్తా మీద సి2 అని ఉన్నది, అడగండి. ఆరాక చెక్కతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినవాటికి సుద్దతో గుర్తు పెట్టండి. డబ్బు మొత్తం చెల్లించే ముందే ఈ పని కావాలి.

బాక్సులు దింపించాక

ప్రతి బాక్స్ మీద షేడ్ నంబరు, బ్యాచ్, క్యాలిబర్ (టైల్ అసలు సైజుని చెప్పే గుర్తు) ఉంటాయి. మూడూ అన్ని బాక్సుల మీదా ఒకటేనా అని చూసుకోండి. ఒకే పేరున్న డిజైన్ కూడా బ్యాచ్ మారితే రంగు మారుతుంది. వేరు వేరు బాక్సుల్లోంచి కొన్ని తీసి పగటి వెలుతురులో పక్కపక్కన పరిస్తే తెలిసిపోతుంది. రెండింటిని ముఖాముఖీ ఆనిస్తే వంకర బయటపడుతుంది. చెక్క డిజైన్లలో వచ్చే పొడుగాటి టైల్స్‌లో కొద్దిగా వంపు మామూలే. వాటిని ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేస్తే ఒకదాని ఎత్తయిన మధ్యభాగం పక్కన రెండోదాని దిగువ అంచు వస్తుంది, బొటనవేలు తగులుతూనే ఉంటుంది. మూడో వంతుకి మించి జరపనివ్వకండి. కొలతకన్నా 10 శాతం ఎక్కువ తెప్పించండి, ఐమూలగా వేయిస్తే 15. తర్వాత కొందామంటే ఆ బ్యాచ్ ఉండదు.

కోత మొదలయ్యాక పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి. పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. నీళ్లు పోస్తూ కోయమనండి, కోసేవాళ్లకి ఎన్95 మాస్కూ కళ్లద్దాలూ ఇవ్వండి. గుడ్డ కట్టుకుంటే చాలనుకుంటారు కానీ ఆ సన్నటి దుమ్ముని గుడ్డ ఆపలేదు.

పని అయిపోయాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ కొడతామంటారు. యాసిడ్ సిమెంటు గ్రౌట్‌ని తినేస్తుంది, పాలరాయి ఉంటే దాని మెరుపూ పోతుంది. టైల్ వేసిన రోజే తడి స్పాంజితో తుడిపిస్తే ఆ అవసరమే రాదు. తప్పనిసరై వాడితే కిటికీలు తెరిచి, చేతులకి గ్లౌజులు వేసి, బాగా పలచన చేసి, వెంటనే కడిగేయాలి. అదే రోజు అదే చోట బ్లీచింగ్ పౌడర్ మాత్రం చల్లకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది.