సూపర్‌చార్జర్ కారు వేడెక్కాక లాగకపోతే: ఇంటర్‌కూలర్ పంపు పరీక్ష, మార్పిడి

జులై మధ్యాహ్నం. డాలస్‌లో 75 హైవే మీద అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కుని, దారి దొరికాక యాక్సిలరేటర్ తొక్కితే బండి లాగదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇదే బండి వీపును సీటుకి అతికించింది. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు ఎప్పటి చోటే ఉంది. చెక్ ఇంజిన్ లైటు లేదు. చాలామంది స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఫ్యూయల్ ఫిల్టర్ అంటూ ఒక్కొక్కటే మారుస్తూ పోతారు. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం) ఉన్న కారులో ఈ లక్షణం కనబడితే నేను ముందు చూసేది ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి నీళ్లు తిప్పే చిన్న కరెంటు పంపుని.

ఇక్కడ చెప్పేదంతా నా దగ్గరున్న 2003 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ ఎస్‌వీటీ కోబ్రాని దృష్టిలో పెట్టుకుని. 4.6 లీటర్ల వీ8, దానిమీద ఈటన్ ఎం112 సూపర్‌చార్జర్, 390 హార్స్‌పవర్. ఇంటర్‌కూలర్ సూపర్‌చార్జర్ కిందే ఉంటుంది. దాని నీళ్ల దారి ఇంజిన్ కూలెంట్‌తో కలవదు: దాని ట్యాంకు దానిదే, బండి ముందుభాగంలో దాని చిన్న రేడియేటర్ దానిదే. అందుకే ఈ పంపు ఆగిపోయినా డ్యాష్‌బోర్డు ముల్లుకి ఆ సంగతి తెలియదు. కొన్ని ఇతర కార్లలో రెండిటికీ ఒకటే ట్యాంకు ఉంటుంది, ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి.

పంపు ఆగితే బండి ఎందుకు నీరసపడుతుంది?

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు గొట్టం కాలడం అందరికీ తెలిసిందే. కోబ్రా బూస్ట్, అంటే సూపర్‌చార్జర్ అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి, సుమారు 8 పీఎస్ఐ. బయట 38 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు లెక్క వేస్తే, ఈ రకం సూపర్‌చార్జర్ నుంచి బయటికొచ్చే గాలి 110 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని 50 దగ్గరికి దించితేనే సిలిండర్‌లోకి చాలినంత గాలి పడుతుంది. 110 దగ్గరే ఉండిపోతే అదే ఒత్తిడిలో గాలి ఆరో వంతు తగ్గిపోతుంది. పైగా వేడి గాలికి ఇంజిన్ నాక్ అవుతుంది (ఇంధనం అదుపు తప్పి అంటుకుని టకటకమంటుంది) కాబట్టి కంప్యూటర్ ముందే స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అంటే స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది. మీకు తెలిసే నీరసంలో ఎక్కువ భాగం ఈ టైమింగ్ వల్లే. ఇంజిన్‌ని కాపాడటానికి చేసిన పనే కాబట్టి లైటు కూడా వెలగదు.

నంబరు చూడకుండా సామాను కొనొద్దు

ఈ కారులో గాలి వేడి కొలిచే సెన్సర్లు రెండు. ఇంటర్‌కూలర్ దాటాక ఉన్నదాన్ని ఐఏటీ2 అంటారు. ఫోర్డ్ సెన్సర్లు చదవగల స్కానర్ ఏదైనా ఈ అంకె చూపిస్తుంది. ఫారెన్‌హీట్‌లో చూపిస్తే కంగారుపడకండి, 120 అంటే మన 49 డిగ్రీలే.

హైవే మీద నిదానంగా పోతున్నప్పుడు ఐఏటీ2 ఎంతుందో గుర్తుపెట్టుకోండి. ఖాళీ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ లోపలే ఒకసారి గట్టిగా తొక్కి వదలండి. వేడి పెరగడం మామూలే. చూడాల్సింది వదిలాక ఏమవుతోందని. పంపు బాగుంటే అంకె కాసేపట్లో దిగిపోతుంది. పంపు పోయుంటే పైనే కూర్చుంటుంది, మళ్లీ తొక్కితే అక్కణ్ణుంచే ఎక్కుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో, బండి ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేసినప్పుడో ఎక్కువ ఉంటే మాత్రం టెన్షన్ పడకండి. కింద వేడి ఇంజిన్ ఉంది కదా, కదిలాక దిగితే చాలు.

చెవి, చెయ్యి, మీటరు

ఇంజిన్ నడుస్తుండగా బంపర్ కింద చెవి పెడితే పంపు సన్నగా గుయ్‌మంటుంది. గుయ్‌మంటే నీళ్లు వస్తున్నట్టు కాదు. మనూళ్లో బోరు మోటారు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఫుట్‌వాల్వ్ కారి పైపు ఖాళీ అయినా మోటారు హాయిగా తిరుగుతుంది, గట్టు మీదికి చుక్క రాదు. ఇదీ అలాంటి పంపే, లోపల గాలి ఉంటే నీళ్లు లాక్కోలేదు.

చల్లటి ఇంజిన్ మీద ఇంటర్‌కూలర్ ట్యాంకు మూత తీసి స్టార్ట్ చేసి లోపలికి చూడండి. నీళ్లు కదలాలి. వేడి మీద మూత తీయొద్దు. తర్వాత బండిని ఇరవై నిమిషాలు తిప్పుకొచ్చి, ఇంజిన్ ఆపి, ఫ్యాన్లకీ బెల్టుకీ దూరంగా చెయ్యి పెట్టి గొట్టాలు తాకి చూడండి. ఇంటర్‌కూలర్ దగ్గరి గొట్టం కాలిపోతూ, ముందున్న చిన్న రేడియేటర్ చల్లగా ఉంటే సంబరపడకండి. వేడి అక్కడిదాకా రావడం లేదని, అంటే నీళ్లు ఆగిపోయాయని అర్థం.

చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్చు) చూడండి. రిలే అనుమానమైతే అదే రకం ఇంకో రిలే పెట్టి చూడండి. అవి బాగుంటే మల్టీమీటరు తీయండి. చాలామంది పొరబడేది ఇక్కడే: పంపు కనెక్టర్ ఊడదీసి కొలిస్తే తుప్పు పట్టిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది, కరెంటు పారడం లేదు కాబట్టి. కనెక్టర్ తగిలించే ఉంచి, వెనక నుంచి ప్రోబ్ గుచ్చి, ఇంజిన్ నడుస్తుండగా కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి పంపు దగ్గర 10 ఉంటే తప్పు వైరుదో ఎర్త్‌దో. పంపు దగ్గర కూడా 14 ఉండి అది తిరగకపోతే తప్పు పంపుదే. ఇంకా నమ్మకం కుదరకపోతే ఇంజిన్ ఆపి, మధ్యలో ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే తిరగడం మొదలుపెట్టిందా? మోటారు లోపలి బ్రష్‌లు అరిగాయి. ఈ రోజు తిరిగింది కదా అని వదిలేయకండి, వచ్చే వారం ఎండలో మళ్లీ ఆగుతుంది. కొత్త ఫ్యూజు పెట్టిన ప్రతిసారీ కాలిపోతుంటే లోపల బిగుసుకుపోయి ఉండొచ్చు, వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతోందేమో కూడా చూడండి.

పంపు మార్చినా పోని జబ్బులు

చప్పుడుంది, నీళ్లు కదలవు: ఈమధ్యే కూలెంట్ మార్చి ఉంటే గాలి పట్టిందేమో, ముందు గాలి తీయండి. నీళ్లు కదులుతున్నాయి, అయినా వేడి దిగదు: బండి ముందున్న చిన్న రేడియేటర్ రెక్కల్లో పురుగులు, ఎండుటాకులు, ఒక్కోసారి రోడ్డు మీది ప్లాస్టిక్ కవరు అడ్డుపడి ఉంటాయి. మెల్లటి నీటిధారతో వెనక నుంచి ముందుకి కడగండి, ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

వీటన్నిటికంటే భయపడాల్సింది ఒకటుంది. కింద చుక్క పడదు, అయినా ట్యాంకులో మట్టం తగ్గుతూ ఉంటుంది. ఇంటర్‌కూలర్ లోపలే కారుతుంటే ఆ నీళ్లు ఇంజిన్‌లోకే పోతాయి. ఆగి ఉన్నప్పుడు సిలిండర్‌లో నీళ్లు చేరితే స్టార్ట్ చేసిన క్షణంలో కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. తెల్లపొగ, స్టార్టింగ్‌లో తడబాటు తోడైతే బండిని నడపొద్దు, ప్రెషర్ టెస్ట్ చేయించండి.

పంపు మార్చడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బండిని జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, కింది ప్లాస్టిక్ షీల్డ్ విప్పండి. పంపు ముందుభాగంలో, కింద ఉంటుంది, గొట్టాలు పట్టుకుపోతే దొరుకుతుంది. విప్పకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. కింద టబ్బు పెట్టి గొట్టాలు లాగండి. పాత గొట్టం అతుక్కుపోయి ఉంటే తిప్పుతూ లాగాలి, బలవంతం చేస్తే అవతలి కొస విరుగుతుంది. గొట్టాల కొసలు గట్టిపడి ఉంటే మార్చేయండి, మళ్లీ కిందికి దూరే ఓపిక ఎవరికుంది?

కొత్త పంపు బిగించేటప్పుడు, మధ్యలో ఉన్న మూతి నీళ్లు లోపలికి, పక్కకున్న మూతి బయటికి. బయటి మూతి పైకి చూసేలా పెడితే గాలి దానంతటదే పోతుంది. పాత రబ్బరు పట్టీ వదిలేసి నేరుగా బాడీకి బిగిస్తే ఆ గుయ్‌మనే మోత క్యాబిన్‌లోకి వస్తుంది.

ఇప్పుడు నా తెలివి సంగతి. పెద్ద పంపు వేద్దామని తెచ్చాను, కనెక్టర్ కలవలేదు, వైర్లు నేనే అతికించాను. ప్లస్ మైనస్ తారుమారు చేశాను. పంపు తిరిగింది, ట్యాంకులో నీళ్లు కూడా కాస్త కదిలాయి, సరేననుకున్నాను. ఐఏటీ2 మాత్రం మునుపటి కంటే పెద్దగా మెరుగుపడలేదు. రెండు వారాలు రేడియేటర్‌ని తిట్టుకున్నాక అర్థమైంది, మోటారు ఉల్టా తిరుగుతోందని. త్రీ ఫేజ్ మోటారుకి రెండు వైర్లు అటూ ఇటూ అయితే పొలంలో నీళ్లు సన్నబడతాయని చిన్నప్పటి నుంచీ తెలిసినవాణ్ణే. మీరు కనెక్టర్ మారిస్తే మొదట చూడాల్సింది ఇదే. పెద్ద పంపు కరెంటు ఎక్కువ తాగుతుంది కూడా, పాత సన్న వైరు మీద వేయకుండా వేరే రిలే, తగిన లావు వైరు, తగిన ఫ్యూజు పెట్టండి.

నింపడం, గాలి తీయడం

డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. ఉత్త నీళ్లు వేడిని ఇంకా బాగా మోస్తాయన్నది నిజమే, ట్రాక్ మీద తిప్పేవాళ్లు అందుకే పోస్తారు. కానీ 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలకి పడిపోయింది. ఆ రాత్రి ఉత్త నీళ్లున్న ఇంటర్‌కూలర్ పగిలితే కారేది ఎక్కడికో పైన చెప్పాను. సగం సగం మిశ్రమం మైనస్ 37 దాకా గడ్డకట్టదు. రంగు చూసి రకం నిర్ణయించకండి, డబ్బా మీద రాసింది చదవండి.

బండి ముక్కు కాస్త ఎత్తులో పెట్టండి. మెల్లగా పోస్తూ, పంపుని ఆన్ చేసి ఆపుతూ, గొట్టాల్ని చేత్తో నొక్కుతూ ఉంటే బుడగలు పైకొస్తాయి. పంపు చప్పుడు గరగర నుంచి సన్నటి మోతకి మారితే గాలి పోయినట్టు. పొడిగా ఎక్కువసేపు తిప్పకండి, కొత్త సీలు అప్పుడే పాడవుతుంది. కంప్రెసర్ ఉంటే వ్యాక్యూమ్‌తో నింపే సాధనంతో పది నిమిషాల పని, లేకపోతే అరగంట ఓపిక పట్టాలి.

మళ్లీ అదే రోడ్డు మీద, వీలైతే అదే ఎండలో, ఐఏటీ2 చూసి పాత అంకెతో పోల్చండి. రెండు మూడు రోజులయ్యాక చల్లటి ఇంజిన్ మీద మట్టం చూస్తే కాస్త తగ్గి ఉంటుంది, మిగిలిన గాలి పోయిన చోటు అది, పోసేయండి. వారం తర్వాత కూడా తగ్గుతుంటే పైన చెప్పిన ప్రెషర్ టెస్టే. టబ్బులో పట్టిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, విషం. ఆ రోజే సీసాలో పోసి మూత బిగించి రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.