జాతీయ ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ను తూచి చూడడం ఎలా: ఆటగాడిగా గడిపిన గతానికి ఎంత విలువ ఇవ్వాలి?

జాతీయ జట్టుకు కొత్త కోచ్ పేరు బయటికి రాగానే అందరి నోటా వినిపించే మొదటి ప్రశ్న, అతడు దేశం తరఫున ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నదే. ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. దాని జవాబుతోనే తీర్పు చెప్పేయడంలో ఉంది తప్పంతా. గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడా అన్న చర్చ ఎన్నేళ్లుగానో సాగుతోంది గానీ, ఒక అభ్యర్థిని ఎదురుగా పెట్టుకుని అతడి అర్హతను ఓపికగా తూచి చూసేవారు తక్కువ. ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తాను. మైదానంలో గడిపిన ఏళ్ల కంటే, ఆట మానేసిన రోజుకూ జాతీయ జట్టు పగ్గాలు అందుకున్న రోజుకూ మధ్య గడిచిన ఏళ్లే కోచ్ గురించి ఎక్కువ చెబుతాయన్నది నా నమ్మకం.

ముందుగా లెక్క సరిచూసుకోవాలి. ఆటగాడిగానూ కోచ్‌గానూ పురుషుల ప్రపంచ కప్ గెలిచినవారు ముగ్గురే: బ్రెజిల్‌కు చెందిన మారియో జగాలో, జర్మనీకి చెందిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్, ఫ్రాన్స్‌కు చెందిన దిదియే దెషాం. ఈ మూడు పేర్లు చెప్పి వాదన ముగించేవారు ఒక విషయం మరిచిపోతుంటారు. జాతీయ జట్ల కోచ్‌లలో అధిక భాగం ఏదో ఒక స్థాయిలో ఫుట్‌బాల్‌ను వృత్తిగా ఆడినవారే కాబట్టి, గెలిచినవారిలోనూ వారే ఎక్కువగా కనిపిస్తారు, ఓడినవారిలోనూ వారే ఎక్కువగా కనిపిస్తారు. బరిలో దాదాపు అందరికీ ఉన్న అర్హతను ఒకరి గెలుపుకు కారణంగా చూపలేం. అందువల్ల ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి: ఆడినవారిలో, పెద్ద ఆటగాళ్లే పెద్ద విజయాలు సాధించారా? 2002లో బ్రెజిల్‌ను గెలిపించిన లూయిస్ ఫెలిపె స్కొలారి, 2006లో ఇటలీని గెలిపించిన మార్చెల్లో లిప్పీ, 2014లో జర్మనీని గెలిపించిన యోకిమ్ లోవ్ ముగ్గురూ తమ దేశపు సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1998లో ఫ్రాన్స్‌కు కప్ తెచ్చిన ఎమే జాకే ఆడినవి రెండే. మరోవైపు 1966లో ఇంగ్లాండ్ కోచ్ ఆల్ఫ్ రామ్సే 32 మ్యాచ్‌లు ఆడినవాడు, దెషాం 103 మ్యాచ్‌లు ఆడినవాడు. ఇటువారూ గెలిచారు, అటువారూ గెలిచారు. ఆడిన మ్యాచ్‌ల సంఖ్యను బట్టి కోచ్ భవిష్యత్తును చెప్పలేమని తేలడానికి ఇది చాలు.

అసలు వృత్తిగా ఆడడం కూడా తప్పనిసరి కాదని 1994 ప్రపంచ కప్ ఫైనల్ చూపించింది. ఆ రోజు బ్రెజిల్ కోచ్ కార్లోస్ ఆల్బెర్టో పరెయిరా, ఇటలీ కోచ్ అరిగో సాకీ, ఇద్దరూ వృత్తిగా ఫుట్‌బాల్ ఆడనివారే. మహిళల ఆటలోనూ ఇదే వైవిధ్యం ఉంది. 2015, 2019 ప్రపంచ కప్‌లను అమెరికాకు అందించిన జిల్ ఎలిస్ ఏ దేశపు సీనియర్ జట్టుకూ ఆడలేదు; 2017లో నెదర్లాండ్స్‌తోనూ 2022, 2025లలో ఇంగ్లాండ్‌తోనూ యూరో గెలిచిన (యూరో అంటే ఐరోపా దేశాల చాంపియన్‌షిప్) సరినా వీగ్‌మన్ ఒకప్పుడు నెదర్లాండ్స్ జట్టుకు కెప్టెన్.

అలాగని ఆటగాడి గతాన్ని పూర్తిగా పక్కన పెట్టడమూ పొరపాటే. జాతీయ జట్టు కోచ్ ఉద్యోగానికి ఒక ప్రత్యేకత ఉంది. క్లబ్ కోచ్ లాగా అతడికి ప్రతిరోజూ ఆటగాళ్లు అందుబాటులో ఉండరు. ఏడాదిలో కొన్ని విడతలుగా, చాలావరకు విడతకు పది రోజుల లోపే దొరుకుతారు, ఆ కొద్ది రోజుల్లోనే సాధారణంగా రెండు మ్యాచ్‌లు ఆడాలి. కావలసిన ఆటగాణ్ణి కొనుక్కునే వీలు లేదు. పెద్ద క్లబ్‌లలో పెద్ద కోచ్‌ల దగ్గర ఆడివచ్చిన పాతికమందిని మొదటి సమావేశంలోనే తన మాట వినేలా చేసుకోవాలి. అలాంటి చోట దేశం కోసం ఆడిన పేరు ఉన్నవాడికి డ్రెస్సింగ్ రూమ్‌లో వెంటనే చెవి ఒగ్గుతారు. నెల రోజుల టోర్నమెంట్ శిబిరంలో, ఒక్క నిమిషం కూడా ఆడే అవకాశం రాని మూడో గోల్‌కీపర్ మనసులో ఏముంటుందో, ఫైనల్ ముందు రాత్రి నిద్ర ఎలా పట్టదో అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇది నిజమైన లాభం. కానీ చేతిలో సరైన ప్రణాళిక లేకపోతే ఆ గౌరవం కొన్ని వారాలకు మించి కాపాడదు. 2008లో అర్జెంటీనా కోచ్‌గా వచ్చిన డియెగో మారడోనాను మించిన పేరు ఏ డ్రెస్సింగ్ రూమ్‌లోనైనా ఎవరికి ఉంటుంది? అంతకుముందు కోచ్‌గా అతడి అనుభవం 1990లలో రెండు క్లబ్‌లలో గడిపిన కొద్ది నెలలే. 2009లో లా పాజ్‌లో బొలీవియా చేతిలో 6-1తో, 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ చేతిలో 4-0తో అతడి జట్టు ఓడింది. జర్మనీతో మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డ్‌లో ప్రత్యర్థులకు దొరికిన ఖాళీలను ఏ కీర్తీ పూడ్చలేకపోయింది.

కాబట్టి అభ్యర్థి పేరు తెలిసిన వెంటనే ఒక కాగితం తీసుకుని, అతడు ఆట మానేసిన సంవత్సరం నుంచి నేటి వరకు ఏటేటా ఏం చేశాడో వరుసగా రాయండి. దెషాం విషయంలో ఈ కాగితం ఎలా ఉంటుందో చూడండి. 2001లో ఆట మానేశాడు, వెంటనే మొనాకో పగ్గాలు చేపట్టాడు; 2004లో ఆ క్లబ్‌ను ఐరోపా క్లబ్‌ల అతిపెద్ద పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చాడు; రెండో డివిజన్‌కు దిగజారిన ఇటలీ క్లబ్ యువెంటస్‌ను తిరిగి పైకి తెచ్చాడు; 2010లో మార్సెయ్‌కి లీగ్ టైటిల్ అందించాడు; ఆ తర్వాతే, 2012లో, ఫ్రాన్స్ బాధ్యత తీసుకున్నాడు. అందరూ 1998 నాటి కెప్టెన్‌ను గుర్తుంచుకున్నారు గానీ, 2018లో కప్ గెలిచిన కోచ్ ఈ పదకొండేళ్లలో తయారైనవాడు.

స్పెయిన్ కోచ్ లూయిస్ దె లా ఫ్యూంటే కాగితం ఇంకో రకంగా ఉంటుంది, నాకు అది మరింత నచ్చుతుంది. దేశపు సీనియర్ జట్టుకు ఎన్నడూ ఆడని ఈ మాజీ డిఫెండర్ ఏళ్ల తరబడి స్పెయిన్ యువ జట్లను చూసుకున్నాడు. 2015లో అండర్-19 యూరో, 2019లో అండర్-21 యూరో గెలిచాడు, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం సాధించాడు. 2024 యూరో ఫైనల్‌లో ఇంగ్లాండ్‌తో స్కోరు 1-1గా ఉన్నప్పుడు 86వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టినవాడు, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన మికెల్ ఒయార్జబాల్. చివరి నిమిషాల్లో ఇంగ్లాండ్ హెడర్‌ను గోల్ గీత మీద నిలబడి తలతో తిప్పికొట్టినవాడు డాని ఒల్మో. ఈ ఇద్దరూ 2019 నాటి ఆ అండర్-21 జట్టులోని కుర్రాళ్లే. ఎవరిని ఎప్పుడు నమ్మవచ్చో ఐదేళ్ల ముందే తెలిసిన కోచ్‌కు, పది రోజుల శిబిరం తక్కువ సమయంగా అనిపించదు. జాతీయ జట్టుకు ఇంతకంటే మంచి శిక్షణ మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పద్ధతికి లొంగనివాడు బెకెన్‌బావర్. 1983లో ఆట మానేసి, మరుసటి ఏడాదే కోచింగ్ లైసెన్సు లేకుండా పశ్చిమ జర్మనీ బాధ్యత చేపట్టి, 1986లో ఫైనల్ చేరి, 1990లో కప్ గెలిచాడు. దీన్ని దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. అయితే లైసెన్సు ఉన్న కోచ్‌లు అతడి పక్కనే పనిచేశారు.

ఆ మాట మనల్ని తర్వాతి పనికి తీసుకెళ్తుంది: ఒక్క మనిషిని కాక, సహాయకులతో సహా మొత్తం బెంచ్‌ను చదవాలి. 1994లో పరెయిరా పక్కన ఉన్నది సాక్షాత్తు జగాలో. 1970లో జగాలో కోచ్‌గా ఉన్నప్పుడు పరెయిరా అదే బృందంలో శారీరక దృఢత్వం చూసే శిక్షకుడు. ఇరవై నాలుగేళ్లకు స్థానాలు తారుమారయ్యాయి. ఒకరికి చదువు, మరొకరికి మైదానం, ఇద్దరికీ కలిపి కప్. 2004లో జర్మనీ పగ్గాలు చేపట్టిన యుర్గెన్ క్లిన్స్‌మన్ 108 మ్యాచ్‌లు ఆడిన స్ట్రైకరే గానీ అప్పటివరకు ఏ జట్టుకూ కోచ్‌గా పనిచేయలేదు. అందుకే వ్యూహాల పనిని సహాయకుడైన లోవ్ భుజాన పెట్టాడు, 2006లో జట్టు మూడో స్థానం సాధించింది, ఆ తర్వాత లోవ్ వారసుడయ్యాడు. 2022లో అర్జెంటీనాకు ప్రపంచ కప్ అందించిన కోచ్ లియోనెల్ స్కలోని విషయంలో ఇది తిరగబడింది. 2006 ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ మాత్రమే ఆడిన అతడు, ఆటగాళ్లుగా తనకంటే ఎంతో పేరున్న పాబ్లో ఐమర్, వాల్టర్ శామ్యూల్, రొబెర్టో అయాలాలను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అభ్యర్థికి ఏది తక్కువో అది అతడి సహాయకులలో ఉందా, అంతకంటే ముఖ్యంగా వారి మాట అతడు వింటాడా అన్నది అడిగి తెలుసుకోవాలి.

ఇక మ్యాచ్‌లు చూసేటప్పుడు బంతి వెంటే కళ్లు పరుగెత్తనివ్వకండి. జట్టు చిక్కులో పడిన పదిహేను నిమిషాల్లో కోచ్ ఏం మార్చాడో రాసుకోండి. 2022 ప్రపంచ కప్‌లో సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడిన తర్వాత స్కలోని మెక్సికో మ్యాచ్‌కు ఐదుగురిని మార్చాడు. ఆ మ్యాచ్‌లో బెంచ్ నుంచి వచ్చి గోల్ కొట్టిన ఎంజో ఫెర్నాండెజ్‌ను పోలెండ్‌తో ఆటకు మొదటి పదకొండు మందిలో చేర్చాడు. అదే టోర్నమెంట్ ఫైనల్‌లో అర్జెంటీనాపై 2-0తో వెనుకబడిన ఫ్రాన్స్ కోచ్ దెషాం విరామం దాకా కూడా ఆగకుండా 41వ నిమిషంలోనే ఇద్దరు ఫార్వర్డ్‌లను బయటికి పిలిచాడు. 2014లో కోస్టారికాతో క్వార్టర్ ఫైనల్ గోల్ లేకుండా ముగియబోతుండగా, నెదర్లాండ్స్ కోచ్ లూయిస్ వాన్ గాల్ పెనాల్టీల కోసమే గోల్‌కీపర్‌ను మార్చాడు. లోపలికి వచ్చిన టిమ్ క్రూల్ ఐదు కిక్‌లకూ సరైన వైపుకే దూకి రెండింటిని ఆపాడు. వాన్ గాల్ కూడా దేశపు జట్టుకు ఆడినవాడు కాదు. ఇలాంటి నిర్ణయాలు అప్పటికప్పుడు తోచేవి కావు; ముందే ఆలోచించి పెట్టుకున్నవి.

చివరిగా, తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు. ప్రపంచ కప్ గెలిచిన జట్టు కూడా 2022 వరకు ఆడినవి ఏడు మ్యాచ్‌లే. అంత చిన్న లెక్కలో ఒక పెనాల్టీ, ఒక గాయం కూడా కోచ్ ఖాతాలోకి వెళ్లిపోతాయి. కనీసం రెండు టోర్నమెంట్లు చూడాలి. జట్టులో ఉన్న ఆటగాళ్ల స్థాయికి ఫలితం పైన ఉందా కింద ఉందా అని మాత్రమే చూడాలి. 2016 యూరో ఫైనల్ ఫ్రాన్స్ సొంత గడ్డ మీద జరిగింది. పోర్చుగల్ కెప్టెన్ క్రిస్టియానో రొనాల్డో 25వ నిమిషంలోనే గాయంతో వెళ్లిపోయాడు. అయినా, దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడని, ఇంజినీరింగ్ చదివిన ఫెర్నాండో సాంటోస్ 79వ నిమిషంలో ఎడర్‌ను దింపాడు, 109వ నిమిషంలో ఎడర్ గోల్ కొట్టాడు, ప్రపంచ కప్ గెలిచిన కెప్టెన్ దెషాం ఓడాడు. ఆ రాత్రి మీ కాగితం మీద ఏం రాసినా పెన్సిల్‌తో రాసి ఉండాల్సింది, ఎందుకంటే రెండేళ్లకే మాస్కోలో దెషాం కప్ ఎత్తాడు; సాంటోస్ జట్టు అదే టోర్నమెంట్‌లో ప్రీ క్వార్టర్స్‌లోనే ఇంటిదారి పట్టింది.