చిన్న స్కూల్ డిస్ట్రిక్టులు ఉమ్మడి క్లౌడ్‌ను ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టు మన జిల్లా విద్యాశాఖ వంటిది కాదు. సాధారణంగా దానికి స్థానికులు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, ఆస్తి పన్ను రూపంలో సొంత రాబడి ఉంటుంది, తన బడ్జెట్‌కు తానే జవాబుదారీ. ఒక్క ఇల్లినాయ్ రాష్ట్రంలోనే ఇటువంటివి సుమారు 850 ఉన్నాయి. వాటిలో చాలా చిన్నవి ఒకరిద్దరు టెక్నాలజీ ఉద్యోగులతో నెట్టుకొస్తుంటాయి. అయినా విద్యార్థుల రికార్డులు, జీతాల లెక్కలు, భోజనశాల ఖాతాలు, బస్సు రూట్లు, లైబ్రరీ కేటలాగు అన్నీ పెద్ద డిస్ట్రిక్టులకు ఉన్నట్టే వీటికీ ఉంటాయి. ఒకే రకమైన అవసరాలున్న సంస్థలు సర్వర్లను, నిల్వను నెట్‌వర్కు ద్వారా కలిసి వాడుకునే ఏర్పాటును అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనంలో కమ్యూనిటీ క్లౌడ్ అంది. బ్లూమింగ్టన్‌లోని డిస్ట్రిక్ట్ 87 కేంద్రంగా మొదలైన ఇల్లినిక్లౌడ్ ఆ రాష్ట్రంలో ఇందుకు తెలిసిన ఉదాహరణ. అటువంటి ఏర్పాటును మొదటినుంచీ ఎలా రూపొందించుకోవాలో, ఇల్లినాయ్ చట్టాలను, పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందు జాబితా: ఏది తరలాలి, ఏది కదలకూడదు

సర్వర్ల ధరలు అడగడానికి ముందే ప్రతి డిస్ట్రిక్టూ తన దగ్గర నడుస్తున్న ప్రతి అప్లికేషన్‌ను ఒక పట్టికలో రాయాలి. దాని పేరు, దాన్ని వాడే విభాగం, డేటా పరిమాణం, లైసెన్సు గడువు, అది ఆగిపోతే ఎన్ని గంటలు ఓర్చుకోగలరు, ఎంతసేపటి డేటా పోయినా ఫరవాలేదు అన్న వివరాలు ఆ పట్టికలో ఉండాలి. చివరి రెండు ప్రశ్నలకు జవాబు టెక్నాలజీ విభాగం చెప్పకూడదు. జీతాల గుమాస్తా, స్కూల్ నర్సు, బస్సుల నిర్వాహకుడు చెప్పాలి. జీతాల వ్యవస్థ నెల మధ్యలో ఒక రోజు ఆగితే ఎవరికీ తెలియకపోవచ్చు, జీతాల ముందురోజు ఒక గంట ఆగినా బోర్డు సభ్యుల ఫోన్లు మోగుతాయి.

ఈమెయిలు, తరగతి పత్రాలు ఇప్పటికే గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ సేవల్లో ఉంటే వాటిని కదిలించనవసరం లేదు. ఉమ్మడి క్లౌడ్‌కు మిగిలేవి ఫైల్ సర్వర్లు, లాగిన్ డైరెక్టరీ, పాత అకౌంటింగ్ ప్యాకేజీలు, కొన్నిచోట్ల విద్యార్థుల సమాచార వ్యవస్థ, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాకప్‌లు.

నిఘా కెమెరాల దృశ్యాలను మాత్రం స్కూల్లోనే ఉంచడం మంచిది. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకుంటే రోజుకు సుమారు 43 గిగాబైట్లు అవుతుంది. 100 కెమెరాలకు నెల రోజుల నిల్వ దాదాపు 130 టెరాబైట్లు. పైగా పగలూ రాత్రీ 400 మెగాబిట్ల లైను దానికే సరిపోతుంది. ఎవరో ఎప్పుడో చూసే దృశ్యాల కోసం లైనంతా ధారపోయడంలో అర్థం లేదు.

ఆదా ఎక్కడి నుంచి వస్తుందో నిజాయితీగా లెక్కించండి

క్లౌడ్ అమ్మేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: అందరికీ ఒకేసారి అవసరం రాదు కాబట్టి తక్కువ యంత్రాలతో ఎక్కువమందికి సేవ చేయవచ్చని. దుకాణాలు, బ్యాంకులు, ఆసుపత్రులు కలిసి వాడుకునే పెద్ద పబ్లిక్ క్లౌడ్‌లో అది నిజమే. స్కూళ్ల విషయంలో మాత్రం ఒకే చెరువు కింద అందరూ వరే వేసినట్టుంటుంది. అందరికీ నీళ్లు ఒకే వారంలో కావాలి. ఉదయం హాజరు అందరూ ఒకే గంటలో వేస్తారు, ఆగస్టులో నమోదులు అందరికీ ఒకేసారి వస్తాయి, వసంతకాలంలో రాష్ట్ర పరీక్షలు అవే వారాల్లో జరుగుతాయి. అందువల్ల ప్రాసెసర్లు, మెమరీ సగటును బట్టి కాక, సభ్యులందరి గరిష్ఠ అవసరాలను ఒకే గంటలో కూడి, ఒక సర్వర్ పాడైనా తట్టుకునేంత అదనంగా కొనాలి. ఇందులో మిగిలేది పెద్దగా ఉండదు.

మరి ఆదా ఎక్కడ? మనుషుల్లో, మొదటిది పాడైతే ఆదుకునే రెండో డేటా సెంటర్‌లో (సర్వర్లుండే కేంద్రంలో). వెయ్యిమంది పిల్లలున్న డిస్ట్రిక్టు ఒక భద్రతా నిపుణుణ్ణి పెట్టుకోలేదు. పన్నెండు డిస్ట్రిక్టులు కలిస్తే ఇద్దరిని పెట్టుకోగలవు. ఊరికి దూరంగా మరో డేటా సెంటర్‌ను ఏ చిన్న డిస్ట్రిక్టూ సొంతంగా కట్టుకోలేదు, కలిస్తే అది సాధ్యమవుతుంది. యంత్రాల మీద మిగులు చూపించి బోర్డుల ఆమోదం తెచ్చుకున్న ప్రణాళిక రెండో ఏడాదికే ప్రశ్నలు ఎదుర్కొంటుంది, కాబట్టి మొదటి నివేదికలోనే ఈ సంగతి స్పష్టంగా రాయడం మేలు. పబ్లిక్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటే ఎంతవుతుందో కూడా అదే నివేదికలో, డేటా బయటికి తీసుకునేటప్పుడు పడే రుసుముతో సహా, పక్కనే చూపాలి. కొన్ని పనులకు అదే చవకని తేలితే ఒప్పుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు.

ఒప్పందం రాసుకోండి

ఇల్లినాయ్ రాజ్యాంగం, 1973 నాటి ఇంటర్‌గవర్నమెంటల్ కోఆపరేషన్ యాక్ట్ స్థానిక ప్రభుత్వ సంస్థలు కలిసి పనిచేయడానికి వీలు కల్పిస్తున్నాయి. ఈ ఒప్పందం మీద పెట్టే శ్రమ యంత్రాల ఎంపిక మీద పెట్టే శ్రమకు రెండింతలు ఉండాలని నా అభిప్రాయం. యంత్రం తప్పుగా కొంటే ఐదేళ్లలో మారుతుంది. ఒప్పందం తప్పుగా రాస్తే డిస్ట్రిక్టులను నడిపే సూపరింటెండెంట్లు మారినా తగవు మారదు.

అన్నిటికంటే పెద్ద తగవు ఖర్చు పంపకం దగ్గర వస్తుంది. ఒక ఊహా లెక్క చూద్దాం. పన్నెండు డిస్ట్రిక్టులు, మొత్తం 24,000 మంది విద్యార్థులు, ఏడాదికి 4,80,000 డాలర్ల ఉమ్మడి ఖర్చు. విద్యార్థుల సంఖ్యను బట్టి పంచితే తలకు 20 డాలర్లు. 600 మంది ఉన్న డిస్ట్రిక్టు 12,000, 6,000 మంది ఉన్నది 1,20,000 చెల్లిస్తాయి. అదే ఖర్చులో 40 శాతాన్ని అందరికీ సమానంగా, మిగతాది విద్యార్థుల లెక్కన పంచితే చిన్నది 23,200, పెద్దది 88,000 చెల్లించాలి. సూత్రం ఒక్కటి మారగానే చిన్నదాని వాటా దాదాపు రెట్టింపయింది. మొదటి పద్ధతిలో పెద్ద డిస్ట్రిక్టు తానొక్కదాన్నే విడిగా వెళ్తే చవకని భావిస్తుంది, రెండో పద్ధతిలో చిన్నవి చేరవు. మధ్యస్థంగా, సమానంగా పంచే భాగాన్ని పది, పదిహేను శాతానికి పరిమితం చేసి, నిల్వ స్థలానికి మాత్రం వాడకాన్ని బట్టి వసూలు చేయడం ఆచరణలో సులువు. నిల్వకు ధర లేకపోతే ఎవరూ పాత ఫైళ్లను తొలగించరు.

ఒప్పందంలో మరో మూడు విషయాలు తప్పకుండా ఉండాలి. మొదటిది, డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది, ఆడిట్ ఎవరిది. రెండోది, సర్వర్ల విలువలో ఐదో వంతును ప్రతి ఏడాదీ కొత్త యంత్రాల నిధికి జమచేయడం. గ్రాంటు డబ్బుతో కొన్న యంత్రాలకూ ఈ నియమం వర్తించాలి, ఎందుకంటే గ్రాంటు రెండోసారి వస్తుందన్న నమ్మకం లేదు. మూడోది బయటికి వెళ్లే దారి. స్కూళ్ల ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి, వెళ్లదలచిన సభ్యుడు కనీసం ఏడాది ముందు తెలపాలని, తన డేటాను ఇతర వ్యవస్థలు చదవగల రూపంలో నిర్ణీత గడువులోపు పొందాలని, మిగిలిన ప్రతులు చెరిపేసినట్టు ఉమ్మడి క్లౌడ్ నిర్వాహకులు ధ్రువపత్రం ఇవ్వాలని రాయాలి. పెళ్లి మాటల్లోనే విడాకుల ప్రస్తావన ఎందుకని కొందరు ఇబ్బంది పడతారు గానీ, బయటికి వెళ్లే దారి స్పష్టంగా ఉంటేనే బోర్డులు ధైర్యంగా చేరతాయి.

లైన్లు, ఈ-రేట్

క్లౌడ్ ఉమ్మడిదైతే స్కూలు నుంచి అక్కడికి వెళ్లే లైనే ఊపిరి. వెయ్యిమంది వాడకందార్లకు సెకనుకు ఒక గిగాబిట్ అనేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2014లో పెట్టుకున్న దీర్ఘకాల లక్ష్యం. ఇల్లినాయ్ సెంచరీ నెట్‌వర్క్ వంటి రాష్ట్ర నెట్‌వర్కు ద్వారా సెంటర్‌కు చేరగలిగితే డేటా మామూలు ఇంటర్నెట్ దారి తొక్కనవసరం ఉండదు.

1996 టెలికమ్యూనికేషన్స్ చట్టంతో వచ్చిన ఈ-రేట్ పథకం పేదరికాన్ని, గ్రామీణ ప్రాంతాన్ని బట్టి ఇంటర్నెట్ లైన్ల ఖర్చులో 20 నుంచి 90 శాతం వరకు రాయితీ ఇస్తుంది. ఈ రాయితీ లైన్లకూ, స్కూలు లోపలి నెట్‌వర్కుకూ. సర్వర్లకు, క్లౌడ్ నిల్వకు కాదు. ఒకప్పుడు ఈమెయిలు, వెబ్ హోస్టింగ్‌కు కూడా వర్తించేది, 2014 సంస్కరణలు వాటిని తొలగించాయి. కాబట్టి బడ్జెట్‌లో ఈ రెండు పద్దులనూ కలపకూడదు. దరఖాస్తు క్రమంలో సరఫరాదారుల నుంచి ధరలు పిలిచే ఫారం 470 పెట్టిన తరువాత కనీసం 28 రోజులు ఆగి, ధరకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఇచ్చి సరఫరాదారును ఎంచుకోవాలి. ఈ గడువు తప్పితే ఆ ఏడాది రాయితీ పోయినట్టే.

స్థలాల ఎంపిక

ఇల్లినాయ్ టోర్నడోల రాష్ట్రం. రెండు సెంటర్లు ఒకే తుఫాను దారిలో, ఒకే విద్యుత్ సరఫరా కింద ఉండకూడదు. ఫైబర్‌లో వంద కిలోమీటర్లకు రానుపోను ఆలస్యం సుమారు ఒక మిల్లీసెకను కాబట్టి, నూటయాభై కిలోమీటర్ల దూరం చాలా పనులకు ఇబ్బంది కాదు.

గోప్యత, భద్రత

విద్యార్థుల రికార్డులను తల్లిదండ్రుల అనుమతి లేకుండా బయటి సంస్థకు అప్పగించాలంటే వాటి వాడకం మీద డిస్ట్రిక్టుకు నేరుగా అదుపు ఉండాలని విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974లో వచ్చిన ఫెర్పా అనే ఫెడరల్ చట్టం కింది నిబంధనలు చెబుతాయి. ఇల్లినాయ్‌లో జూలై 1, 2021 నుంచి అమలవుతున్న, విద్యార్థుల ఆన్‌లైన్ సమాచార రక్షణకు ఉద్దేశించిన సోపా అనే రాష్ట్ర చట్టం సవరణలు ఇంకాస్త ముందుకెళ్లి, డేటా అందుకునే కంపెనీలతో రాతపూర్వక ఒప్పందాలు ఉండాలని, వాటి జాబితాను డిస్ట్రిక్టు తన వెబ్‌సైట్‌లో ప్రచురించాలని కోరుతున్నాయి. షికాగో శివార్లలో నేపర్‌విల్, షాంబర్గ్ వైపు ఉన్న తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లల డేటా ఎవరి దగ్గర ఉందో ఆ జాబితాలోనే చూసుకోవచ్చు. ఉమ్మడి క్లౌడ్ వెనుక ఉన్న ప్రతి సరఫరాదారు పేరూ ప్రతి సభ్య డిస్ట్రిక్టు జాబితాలోకీ చేరేలా చూడాలి.

అన్నీ ఒకచోట చేర్చడంలో ప్రమాదం కూడా ఒకచోట చేరుతుంది. డిసెంబర్ 2024లో, స్కూళ్లకు విద్యార్థుల సమాచార వ్యవస్థను అమ్మే పవర్‌స్కూల్ సంస్థ సపోర్ట్ పోర్టల్‌లోకి దొంగిలించిన లాగిన్‌తో చొరబడినవారికి ఒక్క తలుపు తెరుచుకోగానే దేశమంతటా ఎన్నో డిస్ట్రిక్టుల రికార్డులు దొరికాయి. అందుచేత ప్రతి సభ్యుడి డేటాకు వేరే తాళం, వేరే అడ్మిన్ ఖాతాలు ఉండాలి. ఉమ్మడి సిబ్బందితో సహా ప్రతి అడ్మిన్‌కూ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేయాలి. బ్యాకప్‌లను చెరపగల అధికారం రోజువారీ ఖాతాలకు ఉండకూడదు. 2022 సెప్టెంబరులో లాస్ ఏంజెలిస్ యూనిఫైడ్ డిస్ట్రిక్టు మీద ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు గుంజే) దాడి సెలవు వారాంతంలోనే బయటపడింది, కాబట్టి సెలవు రోజుల్లో ఫోన్ ఎత్తే మనిషి పేరు కూడా ప్రణాళికలో ఉండాలి.

తరలింపు క్రమం

మూడు డిస్ట్రిక్టులతో, బ్యాకప్‌లతో మొదలుపెట్టండి. బ్యాకప్ విఫలమైనా తరగతులు ఆగవు, సిబ్బందికి పని మీద పట్టు వస్తుంది. తరువాత అత్యవసరంలో సర్వర్లను సెంటర్‌లోనే నడిపే ఏర్పాటు, ఆపైన చిన్న అప్లికేషన్లు, అన్నిటికంటే చివర విద్యార్థుల సమాచార వ్యవస్థ. పెద్ద తరలింపులన్నీ జూన్ మధ్య నుంచి జూలై చివరిలోపు ముగించాలి. ఆగస్టు నమోదుల్లో ఏదీ ముట్టుకోకూడదు.

డేటాను సెంటర్ నుంచి స్కూలుకు వెనక్కి తెచ్చుకుంటామన్న ఆశ మీద అత్యవసర ప్రణాళిక రాయకండి. 20 టెరాబైట్లు ఒక గిగాబిట్ లైన్ మీద రావడానికి లైను పూర్తిగా ఖాళీగా ఉన్నా 44 గంటలు పడుతుంది, వాస్తవంలో మూడు రోజులు. అందుకే సర్వర్లను సెంటర్‌లోనే లేపి వాడే అభ్యాసం ఏడాదికి ఒకసారైనా, జీతాల వ్యవస్థతో, ఆ విభాగం ఉద్యోగుల చేతనే చేయించాలి. టెక్నాలజీ సిబ్బంది తామే చేసి అంతా బాగుందని రాసుకుంటే సరిపోదు. పాత సర్వర్లను ఒక పూర్తి విద్యాసంవత్సరం, ఒక ఆడిట్ ముగిసేవరకు ఉంచి, ఆ తరువాత డిస్కులను చెరిపించి, ఆ ధ్రువపత్రాలను బోర్డు రికార్డుల్లో చేర్చండి.