ట్రక్కు లాగుతుంది సరే, మోయగలదా? ట్రావెల్ ట్రైలర్ కొనే ముందు చూసుకోవాల్సిన లెక్క

అమెరికా వచ్చి మూడు నాలుగేళ్ళయ్యాక, పిల్లలు కాస్త పెద్దయ్యాక, మనవాళ్ళలో చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. హోటల్లో వంట కుదరదు, వారం రోజులు బయటి తిండి తినలేం, ఊరి నుంచి అమ్మో నాన్నో వస్తే ఇంకో గది తీసుకోవాలి. అదే ఒక ట్రావెల్ ట్రైలర్ ఉంటే మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ వెంటే వస్తాయి. పికప్ ట్రక్కు ఎలాగూ ఇంట్లో ఉంది, తగిలించుకుని పోవడమే కదా అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. మా మొదటి ప్రయాణంలో జరిగింది మీకు జరగకూడదని ఇది రాస్తున్నాను.

మేముండేది డాలస్ పక్కన. ట్రైలర్ అమ్మిన మనిషి మా ట్రక్కు మోడల్ అడిగి, అది 11,000 పౌండ్లు లాగుతుంది, ఈ ట్రైలర్ నిండా సామాను పెట్టినా 7,000 దాటదు, మీకు ఏ టెన్షనూ లేదు అన్నాడు. అతను చెప్పిన అంకె అబద్ధం కాదు. కానీ మాకు ముందుగా అడ్డొచ్చేది ఆ అంకె కాదు.

కొలరాడో బయల్దేరాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, వెనక సీట్లో మా అమ్మ. యూఎస్ 287 మీద అమరిల్లో దగ్గరపడేసరికి పక్కగాలి అందుకుంది. టెక్సస్‌లో ఆ ప్రాంతం గాలికి పెట్టింది పేరు. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటి వెళ్ళగానే ట్రైలర్ తోక ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు ఊగడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపుకీ ట్రక్కు వెనక భాగం కూడా దానితో పాటే కదులుతోంది. అమ్మ ముందు సీటును రెండు చేతులతో పట్టేసుకుంది. ఆ క్షణంలో బ్రేకు తొక్కాలనే అనిపిస్తుంది. తొక్కకండి. గ్యాస్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీదుండే మీటను చేత్తో నొక్కాలి. అప్పుడు ట్రైలర్ ఒక్కదానికే బ్రేకు పడి అది వెనక్కి లాగినట్టయి తిన్నగా వస్తుంది. మాకు ఈ సంగతి ముందే ఒక స్నేహితుడు చెప్పి ఉండబట్టి బయటపడ్డాం.

అమరిల్లోలో ట్రక్ స్టాప్‌కి వెళ్ళి తూకం వేయించాం. లారీల కోసం పెట్టిన క్యాట్ స్కేల్ మన బళ్ళను కూడా తూస్తుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడు పలకల మీద విడివిడిగా నిలబెట్టాలి, చీటీ మీద మూడు అంకెలూ వేరువేరుగా వస్తాయి. ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే సామగ్రిని హిచ్ అంటారు, మోపిన బరువును ముందు చక్రాలకూ పంచే రకం వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. ట్రైలర్ తగిలించి, ఆ హిచ్ కడ్డీలు విప్పి ఒకసారి తూయండి. ట్రైలర్‌ను పక్కన దింపి ట్రక్కును మాత్రమే ఇంకోసారి తూయండి, రెండోసారికి తక్కువే తీసుకుంటారు. రెండు చీటీల్లో ట్రక్కు బరువుల మధ్య ఎంత తేడా ఉందో అదే టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ మూతి ట్రక్కు వెనక మోపుతున్న బరువు.

ఎడ్లబండికి బరువు ఎక్కించినవాళ్ళకు ఇది కొత్త కాదు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, బండి అదుపు తప్పుతుంది. మా తాతయ్య వడ్ల బస్తాలు వేయించి, నొగ పట్టుకుని ఓసారి పైకెత్తి చూసి, బస్తాను ముందుకో వెనక్కో జరిపించేవాడు. ట్రావెల్ ట్రైలర్‌కు ఆ నొగ మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. మాది మొత్తం 6,700 పౌండ్లు, నొగ మీద 560. ఎనిమిది శాతం చిల్లర. ఊగక ఏం చేస్తుంది?

కారణాలు వెతికితే చిన్నవే. మా ట్రైలర్‌లో మంచినీళ్ళ ట్యాంకు ఇరుసుల వెనకుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ళు దొరుకుతాయో లేదోనని 40 గ్యాలన్లూ ఇంటి దగ్గరే నింపాం. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, అంటే దాదాపు 330 పౌండ్లు తోకలో. చివరన సైకిళ్ళ స్టాండు, దాని మీద 100 పౌండ్లు. బియ్యం, కుక్కర్లు, గ్రైండర్ అన్నీ వెనకున్న వంటగట్టు కింద సర్దేశాం. అక్కడే నీళ్ళు వదిలేసి, సైకిళ్ళు ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో పడేసి, వంట సామాను ముందు మంచం కిందికి మార్చాం. మళ్ళీ తూస్తే ట్రైలర్ 6,270, నొగ మీద 820. సరిగ్గా 13 శాతం. హమ్మయ్య అనుకున్నాం.

అసలు సమస్య అప్పుడే బయటపడింది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలుండే ఒక లేబుల్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదని అందులో ఒక వాక్యం ఉంటుంది. అదే పేలోడ్. మా ట్రక్కుకు 1,510 పౌండ్లు. ట్రైలర్‌ను చక్రాలు మోస్తాయి, నిజమే. కానీ నొగ బరువును ట్రక్కే మోయాలి. నొగ 820, హిచ్ సామగ్రి 90. మిగిలింది 600. మేం నలుగురం 425, అమ్మ 145. ఇక మిగిలింది 30 పౌండ్లు. వెనక బెడ్‌లో సైకిళ్ళు, కూలర్, మడత కుర్చీలు, పనిముట్ల పెట్టె కలిపి 280. అంటే 250 పౌండ్లు ఎక్కువ మోస్తున్నాం. లాగడం లెక్కలో చూస్తే ఇంకా 4,700 పౌండ్ల వెసులుబాటు ఉంది! హాఫ్ టన్ అని పిలిచే మామూలు ట్రక్కులు ఎఫ్-150 అయినా, రామ్ 1500 అయినా, సిల్వరాడో 1500 అయినా కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ముందుగా అయిపోయేది పేలోడే.

బెడ్‌లో ఉన్నదంతా తీసి ట్రైలర్ లోపల, సరిగ్గా ఇరుసుల మీదుగా నేల మీద పరిచాం. అక్కడ పెట్టిన బరువు నొగ మీద దాదాపు పడదు. ట్రైలర్ 6,550కి వచ్చింది, దానికి గరిష్ఠంగా అనుమతించిన 7,000 లోపే. ట్రక్కు కూడా లేబుల్ లోపలికొచ్చింది. గాలి అలాగే ఉంది, కానీ కొలరాడో సరిహద్దులో ఉన్న రటోన్ పాస్ కనుమ దాకా ట్రైలర్ మా వెనకే బుద్ధిగా వచ్చింది.

కాబట్టి కొనేటప్పుడు బ్రోషర్‌లో అంకె పట్టుకుని వెళ్ళకండి. అది తేలికైన, ఏ హంగులూ లేని ట్రక్కుది. సన్‌రూఫ్, తోలు సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ ఒక్కోటీ పేలోడ్‌ను కొంత తినేస్తాయి. ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కనే ఉన్నా లేబుల్ మీద వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. మీరు కొనే ట్రక్కు తలుపే తెరిచి చూడండి, ఫోటో తీసుకోండి. తర్వాత మీరు పెట్టించుకున్న బెడ్ మూత, పక్క మెట్లు కూడా అందులోంచి తీసేయాలి. ఎంత లాగుతుందో చెప్పే అంకెను ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం తేలుస్తారు. అందులో డ్రైవరు, ఒక ప్రయాణికుడు, చెరి 150 పౌండ్లు అని లెక్క. ముగ్గురు వెనక సీట్లో కూర్చుంటారని అది అనుకోదు.

ట్రైలర్ విషయంలో డ్రై వెయిట్ మాట వదిలేయండి. నీళ్ళు, సామాను, దుప్పట్లు లేని బరువది. ఆ బరువుతో ఎవరూ ప్రయాణం చెయ్యరు. గరిష్ఠ బరువు, అంటే జీవీడబ్ల్యూఆర్ అంకె తీసుకుని, అందులో 13 శాతం నొగ బరువు అనుకోండి. దానికి హిచ్ బరువు కలిపి లేబుల్ మీది అంకెలోంచి తీసేయండి. మిగిలినదానిలో మీ ఇంటిల్లిపాదీ పడితేనే ఆ ట్రైలర్ మీది. ట్రక్కు వెనక హిచ్ దూర్చే గొట్టం, అంటే హిచ్ రిసీవర్ మీద కూడా ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌తో ఎంత, లేకుండా ఎంత అని అందులో రెండు వరసలుంటాయి, అదీ చదవండి. ఈ హిచ్ ముందు చక్రాల మీదికి బరువును తిరిగి పంచుతుంది కానీ లేబుల్ అంకెను పెంచదు.

కొండలకు వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. డాలస్‌లో హాయిగా లాగిన బండి కొలరాడోలో రొప్పుతుంది. దిగేటప్పుడు, బరువు లాగడానికి గేర్లను సర్దే టో హాల్ మోడ్ వేసి, గేరు తగ్గించి దిగండి, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి. ట్రైలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్ళే పరిమితి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్ళకు చట్టమే 55 అంటుంది. నడుస్తున్న ట్రైలర్‌లో ఎవర్నీ కూర్చోబెట్టకండి, పెద్దవాళ్ళు నడుం వాల్చుతామన్నా సరే.

అమ్మా నాన్నా ఇద్దరూ వస్తే? మా లెక్కలో 30 పౌండ్లే మిగిలాయి కదా. ఎఫ్-250 లాంటి, త్రీ క్వార్టర్ టన్ అని పిలిచే పై తరగతి ట్రక్కుకు మారొచ్చు. కానీ డీజిల్ ఇంజన్ బరువెక్కువ, అది కొనేవాళ్ళు కూడా లేబుల్ చూసే కొనాలి. లేదా 4,500 పౌండ్ల చిన్న ట్రైలర్‌తో సరిపెట్టుకోవచ్చు. మేము పోయిన వేసవిలో రెండో కారు తీశాం. నాన్న, అమ్మ, నా భార్య అందులో, పులిహోర డబ్బాతో సహా. నేను, పిల్లలు ట్రక్కులో. వాళ్ళు వెనకే వస్తూ ట్రైలర్ ఊగుతోందా లేదా అని ఫోన్‌లో చెబుతూ వచ్చారు.