వర్షారణ్యంలో రాత్రి బస: చోటు ఎంచుకోవడం ఎలా?

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. దోమతెర కుట్టిన ఊయల, పైన కట్టే టార్పాలిన్, తలకు పెట్టుకునే లైటు, జలగలు దూరని పొడవాటి మేజోళ్లు, రెండు జతల బట్టలు. ఒక జత తడవడానికి, ఒకటి నిద్రకు. నిద్ర జతను నీరు చొరని సంచిలో పెట్టి, రాత్రి తప్ప తీయకూడదు. ఉదయం మళ్లీ ఆ తడి బట్టలే వేసుకోవాలి, ఎంత చిరాకు పుట్టినా సరే.

గుడారం తెస్తామంటే నేను ఒప్పుకోను. అక్కడ నేల ఎప్పుడూ తడి, పైగా చీమల రాజ్యం. ఊయలకు చదును నేలతో పనే లేదు.

పార్కు కార్యాలయంలో అనుమతి తీసుకుని, ఏ దారిన వెళ్లి ఎప్పుడు వస్తారో రాసిపెట్టండి. గుర్తులున్న బాట విడవకండి. జలగ పట్టుకుంటే ఉప్పు, నిప్పు వద్దు. కడుపులోనిది గాయంలోకి కక్కుతుంది. సన్నటి కొస కింద గోరు పెట్టి పక్కకు జరపండి.

ఇక అందరూ చెడగొట్టేది చోటు ఎంపిక. వచ్చినవారంతా ముందు నేల చూస్తారు. ముందు తలెత్తి చూడండి! ఎండిన కొమ్మలు తీగల్లో చిక్కుకుని నెలల తరబడి వేలాడుతుంటాయి. గాలి లేకున్నా వాననీటి బరువుకే తెగిపడతాయి. అక్కడి మహావృక్షాలకు కూడా వేర్లు లోతుగా ఉండవు, నేల నానితే మొత్తంగా కూలగలవు. అందుకే ఊయల కట్టే రెండు చెట్లే కాదు, మీ మీదికి ఒరిగేంత దూరంలో ఉన్న ప్రతి చెట్టునూ చూడాలి. మానుకు పుట్టగొడుగులు మొలిచినా, తట్టితే డొల్లగా మోగినా అక్కడ ఆగవద్దు. పార్కువారు చూపిన చోటైనా ఈ పరీక్ష తప్పదు.

తర్వాత వాగు. నీటి చప్పుడు వింటూ పడుకోవాలన్న సరదాతో ఒడ్డునే దిగుతారు. మీ దగ్గర చినుకు పడకున్నా, ఎగువన కురిసిన వానకు వాగు చీకట్లో పొంగుతుంది. పొదలకు చిక్కిన చెత్త ఎంత ఎత్తులో ఉందో చూసి, దానికి బాగా పైన కట్టండి.

ఇదంతా వెలుగులోనే జరగాలి. దట్టమైన అడవిలో నేలకు చేరే ఎండ సుమారు 2 శాతమే, సంధ్య కూడా నిలవదు. సూర్యాస్తమయానికి మూడు గంటల ముందే నడక ఆపండి.

ఊయల తాళ్లకు చిన్న దారపు ముక్క కట్టండి. తాడు వెంట జారే నీరు అక్కడే కిందికి కారిపోతుంది. బూట్లను కర్రలకు బోర్లించి ఉంచి, ఉదయం దులిపాకే తొడుక్కోండి, తేళ్లు దూరుతాయి.