మామిడి లోడ్లు మొదలయ్యే ముందు మానిఫోల్డ్ చూసుకోండి

తోతాపురి కోతలు మొదలైతే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు బళ్లు బారులు తీరతాయి. ఒక్కోసారి రాత్రంతా లైన్లోనే. వాన పడుతోందని అద్దాలు ఎక్కించి, ఇంజను ఆన్‌లోనే పెట్టి క్యాబిన్‌లో కునుకు తీసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఇంజను పొగను సైలెన్సర్ పైపులోకి చేర్చే ఇనుప గొట్టం, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, పగిలిన లారీలో ఆ కునుకు ప్రాణం తీయగలదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం, మత్తు అనిపిస్తే ఇంజను ఆపి వెంటనే కిందికి దిగిపోండి.

పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు టిక్కు టిక్కుమని, వేడెక్కాక ఆ శబ్దం తగ్గిందంటే బాగైపోయిందనుకోకండి. వేడికి ఇనుము సాగి పగులు మూసుకుంది, అంతే. మానిఫోల్డ్ మీద నల్లటి మసి గీత కూడా పగులుకు గుర్తే. అనుమానం తీరకపోతే బాగా చల్లారాక శుభ్రం చేసి, డీజిల్ పూసి, పొడిగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులున్న చోట తడి గీత తేలుతుంది.

మానిఫోల్డ్ విప్పడానికి ముందురోజు రాత్రే, దాన్ని ఇంజనుకు పట్టి ఉంచే మరల స్టడ్లకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. బలవంతంగా తిప్పితే స్టడ్డు ఇంజను హెడ్‌లోనే విరుగుతుంది, అప్పుడు ఖర్చు రెట్టింపు. పాత బళ్లలో మానిఫోల్డ్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే ప్యాకింగ్ ఆస్బెస్టాస్‌ది కావచ్చు. దాన్ని పొడిగా గీకొద్దు, గాలి కొట్టొద్దు, తడిపి తీయండి.

అసలు జాగ్రత్త వెల్డింగ్‌లో. మానిఫోల్డ్ బీడుది, అంటే పోత ఇనుముది అయితే అందులో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. మామూలు రాడ్‌తో అతికితే అతుకు పక్కన గాజులా పెళుసెక్కి మళ్లీ పగులుతుంది. నికెల్ రాడ్ అడిగి వేయించండి. ముందు పగులు రెండు కొనల్లోనూ 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, లేకపోతే అది పాకుతూనే ఉంటుంది. నూనె, మసి పోవాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మాత్రం వాడొద్దు, దాని ఆవిరికి వెల్డింగ్ మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొత్తం ముక్కను 260 డిగ్రీలకు పైగా సమంగా వేడిచేసి, ఒక్కో అంగుళం చొప్పున అతుకుతూ, అతికిన ప్రతిసారీ చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి.

చల్లార్చడం దగ్గరే చాలామంది చెడగొట్టుకుంటారు. నా పాత లారీ మానిఫోల్డ్‌ను ఒక షాపులో చక్కగానే అతికారు. తొందరగా ఇచ్చేయాలని నీళ్లు చల్లారు. నాలుగో లోడుకే అతుకు పక్కన కొత్త పగులు! ఆ తర్వాత నుంచి మా ఊరి బెల్లం గానుగ పొయ్యి బూడిద తెచ్చి, ఎండబెట్టి, వేడి ముక్కను అందులో పూర్తిగా పూడ్చి మర్నాడు పొద్దున దాకా కదిలించను. బూడిద లేకపోతే పొడి సున్నం, పొడి ఇసుక పనికొస్తాయి. ఏదైనా సరే, తడి ఉండకూడదు. ఫ్యాన్ కింద పెట్టడమూ తప్పే.

బిగించే ముందు ఇంజనుకు ఆనుకునే ముఖం వంగిందేమో స్కేలు పెట్టి చూడండి. టర్బో (పొగ తోపుకు తిరుగుతూ ఇంజనులోకి గాలి ఎక్కించేది) ఉన్న బండైతే లోపల వెల్డింగ్ రవ్వ ఒక్కటి మిగిలినా టర్బో రెక్కలు పోతాయి. కొత్త ప్యాకింగ్ వేసి, నట్లను మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించండి. సైలెన్సర్ పైపుకు ఆసరాగా ఉండే క్లాంపు ఊడిపోయి ఉంటే దాన్నీ వేయించండి, ఆ బరువంతా మానిఫోల్డ్ మీదే పడుతుంది. పగుళ్లు రెండు మూడు చోట్ల ఉంటే మాత్రం అతికించకండి, కొత్తది కొనండి.