వరద సెలవుల్లో ఇంటి నుంచి పాఠాలు: టీచర్లు ముందే చూసుకోవాల్సినవి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్యలో ఉండే లంక గ్రామాల బడులు మూడోదాకా ఆగకూడదు. మొదటిది రాగానే ఇవి చూసుకోండి.

• ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో పిల్లల వారీగా రాసుకోండి. "ఇంట్లో ఉందండీ" అంటే పిల్లాడికి దొరుకుతుందని కాదు. నాన్న పనికి పట్టుకెళ్తే పాఠం రాత్రికే. అక్కాతమ్ముళ్లకు ఒకటే ఫోనైతే రెండు క్లాసులూ ఒకే టైమ్‌కి పెట్టొద్దు.

• లైవ్ క్లాసు మీద ఆశ పెట్టుకోకండి. కరెంటు పోతే సిగ్నల్ కూడా ఎంతోసేపు నిలవదు. వాట్సాప్‌లో ఐదారు నిమిషాల ఆడియో చాలు. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం బడి ఉన్నప్పుడే నేర్పాలి.

• ఫోన్ లేని పిల్లలకు వారానికి సరిపడా వర్క్‌షీట్లు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, ఛార్జింగ్ గొడవ లేదు.

• పుస్తకాల సంచి అటక మీదికి.

• చాలాచోట్ల పునరావాస కేంద్రం బడిలోనే పెడతారు. రిజిస్టర్లు, ట్యాబులు పైఅంతస్తు గదిలో పెట్టి తాళం వేయండి.

• హోంవర్క్ చూపించడానికి పిల్లల్ని పడవెక్కి రమ్మనొద్దు. గట్టు మీదికి కూడా వద్దు. ఫొటో పంపలేకపోతే నీళ్లు తీశాక చూడొచ్చు.